లుంగీతోనే బంతికి

ఆదివారం రాత్రి, బాపట్ల

ఇవాళ పక్కింటి కోటయ్య కొడుకు పెళ్ళి భోజనాలకి లుంగీతోనే వెళ్ళాను. "పంచె కట్టుకోవయ్యా, నలుగురూ నవ్వుతారు" అని మా ఆవిడ ఒకటే పోరు. నేను వినలేదు.

రంగూన్లో ఉన్నన్నాళ్ళూ పరాయివాడన్నారు. ఆ రోషంతోనే అక్కడ పంచె విడవలేదు. ఓడెక్కి సొంత దేశం వస్తే ఇక్కడ బర్మావోడన్నారు. ఈ కోటయ్యే మేం బర్మా అలవాటుగా కూరల్లో వేసుకునే పులిసిన రొయ్యల ముద్ద వాసనకి ముక్కు మూసుకుని మధ్య గోడ మూరెడు ఎత్తు లేపాడు. ఆ రోజే పంచె పెట్టెలో పడేసి, రంగూన్ వాళ్ళలాగా ముందు ముడేసి లుంగీ కట్టాను.

ఇవాళ నేను బంతి చివర కూర్చోబోతే ఆ కోటయ్యే చెయ్యి పట్టుకున్నాడు. "అక్కడెందుకు బాబాయ్, నా పక్కన కూర్చో. ఈ లుంగీ నాకూ ఒకటి తెప్పించు, గాలి బాగా ఆడేట్టుంది." బంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. పప్పు రెండుసార్లు వేయించుకుని కడుపునిండా తిన్నాను.

ఇంటికొచ్చాకే ఏమీ తోచటంలేదు. ఎవరూ ఏమీ అనకపోతే ఇంక ఈ లుంగీ ఎవరి మీద రోషంతో కట్టాలి? పంచె తీసి పెట్టమని ఆవిడతో చెప్పాను. రేపు బజారుకి అదే కట్టుకుపోతా. కోటయ్య చూసి "దారికొచ్చావు బాబాయ్" అన్నాడా, ఎల్లుండి మళ్ళీ లుంగీయే.