శ్యాం సైకిల్‌కి సరిపోయే ఫోర్క్

ఫిబ్రవరి 4, 2025

శ్యాం ఈరోజు సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. కృత్తివెన్ను చెరువు గట్టు మీద ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కుంగిపోయి మళ్ళీ పైకి లేవలేదట. చూశాను. ఉప్పు నీళ్ళకి తుప్పు పట్టి, సీళ్ళు పోయి, ఆయిల్ మొత్తం కారిపోయింది. పైన సన్నటి పగులు కూడా ఉంది. రిపేర్ అయ్యే పని కాదు. మార్చాల్సిందే.

"నువ్వు మెకానికల్ లెక్చరర్‌వి కదక్కా. ఏది సరిపోతుందో నువ్వే చూడు. నాకా నంబర్లు అర్థం కావు" అన్నాడు.

వాడు ఒక కంపెనీ తరఫున రొయ్యల చెరువులకి టెక్నీషియన్. తెల్లవారుజామున ఐదింటికల్లా నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూడాలి. మూర్ఛ ఉన్నవాడికి బండి లైసెన్స్ ఇవ్వరు. చివరిసారి ఫిట్స్ వచ్చి ఆరేళ్ళయినా సరే. అందుకే విజయవాడలో ఒక డాక్టరు గారి దగ్గర ఈ ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అది వచ్చాకే నేను లేకుండా మా బంటుమిల్లి దాటి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి 5, సాయంత్రం 6

కొలతలు తీసుకున్నాను. చక్రం ఇరవై తొమ్మిది అంగుళాలు. ఫోర్క్ కుంగే దూరం నూట నలభై మిల్లీమీటర్లు. ఇరుసు పదిహేను. హ్యాండిల్ కిందికి దిగే గొట్టం అడుగున లావు, పైన సన్నం. మోటారు బరువుకి ఆగేది కావాలి. అన్నీ కలిసేది పావుగంటలో దొరికింది. బెంగళూరు షాపు. స్టాకు రెండు. డెలివరీ నాలుగు రోజులు.

చెబుదామని లేచాను. వాడి ఫోన్ మోగింది. స్క్రీన్ మీద మాధవి అని ఉంది. వరండాలోకి వెళ్ళి మాట్లాడాడు. నవ్వాడు. అమ్మ పోయేటప్పటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు ఇరవై రెండు. ఇరవై ఏళ్ళు పెంచాను. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు.

లాప్‌టాప్ మూసేశాను. ఇంకా వెతకాలిరా అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక వాడే చెప్పాడు. మాధవి కృత్తివెన్నులో నీళ్ళ టెస్టింగ్ ల్యాబ్‌లో చేస్తుందట. తండ్రి గణపతికి రెండు చెరువులు. వేరే మతమైనా ఆయనకి పట్టింపు లేదట. మే నెలలో పెళ్ళి చేసుకుని అక్కడే ఇల్లు తీసుకుంటారట.

ఫిట్స్ సంగతి చెప్పావా అని అడిగాను. ఆ అమ్మాయికి మొదటి నెలలోనే చెప్పాడట. వస్తే ఎలా పక్కకి తిప్పి పడుకోబెట్టాలో నేర్చుకుందట. వాళ్ళ నాన్నకి మాత్రం సమయం చూసి తనే చెబుతానందట.

"నువ్వు ఒప్పుకుంటే చాలక్కా" అన్నాడు.

చేపల పులుసు ఇంకొంచెం వేశాను.

ఫిబ్రవరి 12

నూట అరవై మిల్లీమీటర్లవే దొరుకుతున్నాయి అన్నాను. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ముందు భాగం లేస్తుంది, బురదలో హ్యాండిల్ మాట వినదు అని వివరించాను. వాడు మొదటి బెంచీ పిల్లాడిలా విన్నాడు. అలాంటివి దొరుకుతున్న మాట నిజం. బొమ్మా నిజమే. అవి మాత్రమే దొరుకుతున్నాయన్నదొక్కటే నిజం కాదు.

ఫిబ్రవరి 13

గుడివాడలో సైకిల్ షాపు బసవపున్నయ్య గారు మామూలు ఫోర్క్ వేసిస్తానన్నారట. ఏదో ఒకటి వేయించేద్దాం అక్కా అన్నాడు.

ఇరవై నాలుగు కిలోల సైకిల్. దాని మీద ఉండగా ఫిట్స్ వస్తే అన్నాను.

ఆ మాట ఈ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ అనలేదు. తల వంచుకుని లోపలికి వెళ్ళాడు.

ఫిబ్రవరి 19

వాడు బస్సులో వెళ్తున్నాడు. దిగేసరికి ఏడు. అక్కడి నుంచి గట్ల మీద నడక. ముప్పై చెరువులు చూసేవాడు పన్నెండు చూస్తున్నాడు. అరికాళ్ళకి బొబ్బలు. పాదాలు నా ఒళ్ళో పెట్టించుకుని ఆయింట్‌మెంట్ రాశాను. చిన్నప్పటిలా కళ్ళు మూసుకున్నాడు.

నాకు బాగుంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరి 26

స్టాకు ఒకటి.

మార్చి 5

నాలుగింటికి కరెంటు పోయి గణపతి పెద్ద చెరువులో నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోయాయి. కాపలా మనిషి నిద్రపోయాడు. శ్యాం ఐదింటికి అక్కడ ఉండి ఉంటే జనరేటర్ వేయించేవాడు. ఏడున్నరకి వెళ్ళాడు. అప్పటికి రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. మధ్యాహ్నానికి కంపెనీ వాళ్ళు రేపటి నుంచి రావద్దన్నారు.

అన్నం తినలేదు. బతిమాలి పెరుగన్నం నేనే కలిపి తినిపించాను.

మార్చి 8

శ్యాం ఐడీ కార్డు అప్పగించడానికి కంపెనీ ఆఫీసుకి వెళ్ళినప్పుడు గణపతి మా ఇంటికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ తమ్ముడు మంచోడేనమ్మా. కానీ సైకిల్ పాడైందని నెల్రోజులు అట్టా ఉండిపోయేవాడు రేపు సంసారం ఎట్టా లాగుతాడు? మా అమ్మాయేమో ఆయన్నే చేసుకుంటానంటంది. మీరు పెద్దోరు. ఓ మాట చెప్పండి."

వాడి తప్పు లేదండీ, ఆలస్యం చేసింది నేను అనాలి. ఒక్క వాక్యం. నోటి దాకా వచ్చింది కూడా.

కాఫీ ఇచ్చాను. "మీకు ఇంకో సంగతి కూడా తెలియాలండీ" అన్నాను. మూర్ఛ గురించి చెప్పాను. ఏ వయసులో మొదలైందో, ఎన్నిసార్లు వచ్చిందో, ఏ మాత్రలు వాడుతున్నాడో. చివరిది ఎప్పుడో మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

గ్లాసు కింద పెట్టేశాడు. సగం కూడా తాగలేదు.

మార్చి 9, ఉదయం 11

ప్రార్థన నుంచి వచ్చేసరికి మాధవి ఫోన్. నాకు. ఏడవడం లేదు. ఒకటే అడిగింది.

"మా నాన్నకి చెప్పమని ఆయనే అన్నారా అండీ?"

అవునన్నాను.

"సరేనండీ" అని పెట్టేసింది.

ఇప్పటిదాకా నావన్నీ సగం నిజాలు. ఇందులో ఆ సగం కూడా లేదు. చాలా తేలిగ్గా వచ్చింది.

మార్చి 10

వాడి ఫోన్ మోగడం లేదు. వాడు చేస్తే ఆ అమ్మాయి ఎత్తడం లేదు. ఫోర్క్ ఆర్డర్ పెట్టాను.

మార్చి 14

వచ్చింది. వాడే బిగించాడు, నేను చక్రం పట్టుకున్నాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. రెండుసార్లు నొక్కి చూశాడు. మెత్తగా కుంగి లేచింది.

"ఎప్పుడు పెట్టావక్కా ఆర్డర్?"

"సోమవారం."

"నాలుగు రోజులు" అన్నాడు. పానాలు ఒక్కొక్కటే తుడిచి డబ్బాలో సర్దాడు.

మార్చి 15

తెల్లారేసరికి సైకిల్ లేదు. కృత్తివెన్ను వెళ్ళాడని తెలుసు. కాలేజీకి సెలవు పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. ఏమని అరుస్తాడో అన్నీ ఊహించుకున్నాను. జవాబులు సిద్ధం చేసుకున్నాను. నీ కోసమే అని. నువ్వు పడిపోతే ఎవరు చూస్తారని.

పన్నెండింటికి వచ్చాడు. ఆ అమ్మాయితో మాట్లాడాడట. మొన్ననే వేరే సంబంధం ఖాయమైందట. మేనత్త కొడుకు. తనే ఒప్పుకుందట. పెళ్ళి వద్దని నువ్వు నాతో చెప్పలేక, మీ అక్క చేత నాన్నకి ఫిట్స్ సంగతి చెప్పించావనుకున్నాను అందట.

ఇదంతా మామూలు గొంతుతోనే చెప్పాడు. నా జవాబులు ఒక్కటీ అక్కర్లేకపోయింది. తర్వాత అడిగాడు.

"స్నానం ఇప్పుడు చెయ్యనా, తిన్నాక చెయ్యనా అక్కా?"

మార్చి 22

సైకిల్ ఎవరికో ఇచ్చేశాడు. ఎవరికని అడగలేదు. ఉద్యోగం వెతుక్కోరా అన్నాను. ఏది వెతకమంటావు అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. మాత్ర చేతిలో పెట్టి వేసుకో అంటే తప్ప వేసుకోడు. రెండు గంటలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఏప్రిల్ 6

అరిచాను. నన్ను తిట్టరా అన్నాను.

"ఏమని తిట్టమంటావక్కా?"

ఏప్రిల్ 20, ఈస్టర్

ఏ చొక్కా అని అడిగాడు. చెప్పాను. బొత్తాలు పెట్టుకోనా అని అడిగాడు. చెప్పాను.

చర్చి గంట కొట్టి చాలాసేపైంది. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముందు ఏ కాలు వెయ్యాలో నేను చెప్పాలట.