అల్లుడి పేరు మీద చదివిన కానుక

బౌరంపేట్

రాజక్కకు, కాళ్ళు మొక్కి నీ తమ్ముడు శ్రీశైలం రాసేది.

నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారనుకుంటాను. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? చలి ముదిరింది, తెల్లారకముందే చెప్పుల్లేకుండా బర్రెల దగ్గరికి పోకు. ఇక్కడ నేను బాగున్నాను. స్వప్న బాగుంది. మామ బాగున్నాడు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని బావ నవ్వుతాడేమో. ఫోన్ చేసినప్పుడల్లా పక్కన ఎవరో ఒకరుంటారు. "మంచిగున్న అక్కా" తప్ప ఇంకో మాట నోటికి రాదు. అది నీకూ తెలుసు, అందుకే నువ్వు కూడా "మంచిదిరా" అని పెట్టేస్తావు.

ఇల్లరికం వచ్చి ఏడాదిన్నర అయింది. మామ భూమిలో లేచిన విల్లాలివి. భూమి ఇచ్చినందుకు ఆయన వాటాకు నాలుగు వచ్చాయి, ఒకదాంట్లో మేముంటున్నాం. తిండికి లోటు లేదు. జొన్నరొట్టె అడిగితే మాత్రం వంటామె నవ్వుతుంది. గేటు దాటాలంటే కారు, కారుకు డ్రైవరు, డ్రైవరుకు మామ మాట. అడగందే అమ్మైనా పెట్టదంటారు, మా మామ అడగకముందే పెడతాడు. నా చెప్పుల సైజు కూడా ఆయనకు తెలుసు. పని మాత్రం ఏదీ చెప్పడు. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళకు "మా అల్లుడు" అని నన్ను చూపిస్తాడు, నేను నమస్కారం పెడతాను. రోజుకు నాకున్న పని అదే.

తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానని తిట్టకు. జరిగింది రాస్తాను, తప్పెవరిదో నువ్వే చెప్పు.

ఇక్కడ ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ జంటలే. మనలాగే ఇంట్లో దేవుడికి దీపం పెట్టుకునేవాళ్ళు. కానీ క్రిస్మస్ వస్తే క్లబ్‌హౌస్‌లో చెట్టు పెట్టి, మొగుడు పెళ్ళానికి, పెళ్ళాం మొగుడికి కొన్న కానుకలు అందరి ముందు విప్పుతారు. నెల ముందు నుంచే వాకింగ్‌లో అదే ముచ్చట, ఎవరు ఎంత పెట్టారని. ఒకాయన లక్ష పెట్టాడట. ఇంకొకాయన నలభై వేల దగ్గర ఆగిపోయాడట, ఆయన పెళ్ళాం మీద అందరూ జాలిపడ్డారట. స్వప్న అవన్నీ వినొచ్చి కూడా నన్ను ఏమీ అడగలేదు. నా దగ్గర ఏమీ ఉండదని తెలుసు కాబట్టే అడగలేదు. అడిగి ఉంటే అంత రోషం వచ్చేది కాదు.

పోయిన చలికాలం మేడ్చల్‌లో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముతుంటే కారులోంచి చూసి స్వప్న, "గా ఉల్లిపొర రంగుది మస్తుంది" అంది. మామ కారు ఆపనివ్వలేదు. "రోడ్డు మీద కొనుడేందే, పెద్ద దుకాణం లేదా?" అన్నాడు. ఆ రంగు నా మనసులో ఉండిపోయింది. ఈసారి రావల్కోల్‌లో దోస్తు ఇంట్లో పెళ్ళి పనులని అబద్ధం చెప్పి, కారు వద్దని బస్సెక్కి, మూడు రోజులు మేడ్చల్‌లో మోటర్లు చుట్టే షాపులో కూర్చున్నాను. కాలిపోయిన బోరు మోటర్లు విప్పి, పాత తీగ లాగేసి, కొత్త తీగ చుట్టడం. అలవాటు తప్పి వేళ్ళు కోసుకుపోయాయి. అయినా ఆ మూడు రోజులు తిన్నట్టు నేను ఇక్కడ ఎప్పుడూ అన్నం తినలేదు. షాపాయన రెండు వేలు చేతిలో పెట్టాడు. తొమ్మిది వందలకు అచ్చం ఆ రంగు స్వెట్టరే కొన్నాను.

క్రిస్మస్ నాడు క్లబ్‌హౌస్‌లో స్వెట్టర్ సంచి కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాను. మా వంతు వచ్చేసరికి మైకు మామ చేతిలో ఉంది. ఆయనకు ఇదంతా పెళ్ళిలో చదివింపుల లెక్కే. "మా అల్లుడు శ్రీశైలం, మా బిడ్డ స్వప్నకు, వజ్రాల గాజులు, రెండు లక్షల అరవై వేలు! మా బిడ్డ స్వప్న, మా అల్లునికి, చేతి గడియారం, లక్షా పది వేలు!" జనం ముందు నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. వాకింగ్‌లో గుసగుసగా చెప్పుకునే మాటే ఆయన మైకులో చెప్పాడు, అంతే తేడా. నేనిచ్చిన గాజులు నేను అప్పుడే మొదటిసారి చూశాను.

"నువ్వు కొన్నవా?" అని స్వప్న మెల్లగా అడిగింది.

"లేదు. గడియారం నువ్వు కొన్నవా?"

"నేను గూడ గిప్పుడే చూస్తున్న" అంది.

ఇంటికొచ్చాక మేడ మీద స్వెట్టర్ ఇచ్చాను. "పైసలు ఏడికెళ్ళి వచ్చినయ్?" అంది. నా వేళ్ళు చూపించాను. పట్టుచీర మీదే తొడుక్కుంది. ఏడ్చింది, నవ్వింది, ఆ గాజులు ఎక్కడ పెట్టిందో కూడా మర్చిపోయింది. ఈ ఇంట్లోకి వచ్చాక ఆ ఒక్క పూట నాకు సంతోషంగా ఉంది అక్కా.

మర్నాడు చాయ్ తాగేటప్పుడు కూడా అదే తొడుక్కుని వచ్చింది. "గిదేడిదే?" అన్నాడు మామ.

"నీ అల్లుడే కొన్నడు నాయినా. మోటర్లు చుట్టి మరీ కొన్నడు" అంది, ఎంతో గొప్పగా.

కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. నా వేళ్ళు చూశాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఎంతయింది అల్లుడా?" అన్నాడు. తొమ్మిది వందలన్నాను. జేబులోంచి రెండు ఐదు వందల నోట్లు తీసి నా ముందుకు చాచాడు. "నేనుండంగ నువ్వు తిప్పల పడుడేంది? ఇగ గా షాపుకు పోకు. మిగిలిన వంద నీ దగ్గర్నే ఉండనీ."

ప్రేమతోనే అన్నాడక్కా, ఒట్టు. కోపంతో అని ఉంటే అక్కడే వదిలేసి లేచేవాణ్ణి. నేను తీసుకున్నాను. ఏడాదిన్నరగా అలవాటైన చెయ్యి, దానంతట అదే పోయింది.

మేడ మీదికి పోయేసరికి స్వప్న స్వెట్టర్ విప్పి మడతపెడుతోంది. "ఇగ గిది గూడ నాయిన కొన్నదే అయింది" అంది. తిరిగి ఇచ్చేస్తానన్నాను. "గిప్పుడిస్తే ఏమైతది? గప్పుడే తీసుకోవద్దుండె" అంది. తను పుట్టినప్పటి నుంచీ తీసుకుంటూనే ఉందట, ఒక్కసారైనా వద్దనే మనిషిని చూద్దామనుకుందట. పది రోజులైంది, ఇంత చలిలోనూ ఆ స్వెట్టర్ ముట్టుకోలేదు. ఆ నోట్లు నా దగ్గరే ఉన్నాయి, ఖర్చు పెట్టలేను, పారెయ్యలేను.

బావకు ఇది చదివి వినిపించకు, పెళ్ళినాడే చెప్పానంటాడు. అయినా ఆయనకు, పెద్దనాయినకు నా దండాలు చెప్పు. పిల్లలు బాగా చదువుతున్నారా? ఎవరైనా ఇటు వస్తే కొంచెం చింతకాయ తొక్కు పంపు. నా గురించి రంధి పెట్టుకోకు, నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. నీ దీవెన మాత్రం కావాలి. ఇల్లు నిండాలి, చెయ్యి నిండాలి అని ఎప్పటిలా దీవించకు, అవి నిండే ఉన్నాయి. మామ నాకు కొత్త బండి చూస్తున్నాడట. ఆయన తాళాలు చాచిన రోజు, స్వప్న చూస్తుండగా, నా చెయ్యి ముందుకు పోకూడదని దీవించు.

నీ తమ్ముడు
శ్రీశైలం