తెల్లగా మిగిలిన చోటు

అమ్మకు నమస్కారాలు.

నేను బాగున్నాను. నువ్వూ నాన్నా కూడా బాగున్నారనే అనుకుంటున్నాను. దగ్గు తగ్గింది, ఇక దాని సంగతి అడగకు.

"నీ శిష్యుడు నీకన్నా పెద్దవాడు కదా, మాట వింటాడా?" అని రాశావు. వింటారమ్మా, వచ్చిన చిక్కల్లా అదే. నాకు ఇరవై తొమ్మిది, ఆయనకు నలభై ఆరు. డిపార్ట్‌మెంటులో అందరూ పెద్దాయన అంటారు. నా గదిలోకి వస్తే, ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఇద్దరం కాసేపు నిలబడే ఉంటాం.

చెక్క మీద ఉలితో బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీయడం ఆయన పని. గొప్ప చెయ్యి. రాయడమే రాదు. నా దగ్గర చేస్తున్న పీహెచ్‌డీకి పన్నెండు అచ్చులతో పాటు, వాటిని ఎలా చేశారో చెప్పే థీసిస్ కూడా ఇవ్వాలి. నాలుగో చాప్టరులో వాక్యాలు కుంటుతున్నాయి. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన, తప్పు కనిపిస్తే ఎర్రగీత గీసే అలవాటు నాకింకా పోలేదు. దిద్దడానికి కూర్చున్నాను.

మొన్న వైవా జరిగింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ చాప్టరునే మెచ్చుకున్నారు. లేచి తొమ్మిదో అచ్చు దగ్గరికి వెళ్ళి, మధ్యలో తెల్లగా మిగిలిన చోట వేలు పెట్టారు.

"'ఇక్కడ మా నాన్నగారి మౌనాన్ని ఉంచాను' అని రాశారు. ఎలా తోచింది మీకు?"

పెద్దాయన నా వైపు చూశారు.

"అవునండీ, కావాలనే వదిలాను," అన్నారాయన నెమ్మదిగా.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

అమ్మా, ఆ మాట ఆయనది కాదు. చెక్కలో ముడి తగిలి ఉలి జారింది, పెచ్చు ఊడిపోయి అక్కడ సిరా అంటలేదు అని ఆయన రాసుకొచ్చారు. అది బాగాలేదని కొట్టేసి మౌనమని రాసింది నేను. ఆ ఒక్కటే కాదు, చాప్టరంతా నేనే రాశాను. వాళ్ళ నాన్నగారు మహా మాటలపోగని తర్వాత తెలిసింది. మేడమ్ రాశారంటే ఏదో ఉంటుందిలే అని ఈయన ఊరుకున్నారట.

థీసిస్ మొత్తం ఆయన సొంత రచనేనని గైడుగా నేను సంతకం చేస్తేనే డిగ్రీ వస్తుంది. నిన్న మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకొచ్చారు. పెట్టలేనన్నాను. తప్పు నాదేనని డిపార్ట్‌మెంటు హెడ్డుగారితో చెబుతాను, చాప్టరు మీరే మళ్ళీ రాయండి అన్నాను. ఆయనకు ఏడాది పోవచ్చు. ఆయన పాఠాలు చెప్పే స్కూలు అంతకాలం సెలవివ్వదు. నన్ను గైడుగా తీసేస్తారు.

ఆయన కాగితం నా బల్ల మీద పెట్టారు.

"ఇంట్లో పాసయ్యానని చెప్పేశాను మేడమ్. అంత పట్టింపుంటే ఆ రోజే లేచి ఒక్క మాట అనాల్సింది మీరు."

అనాల్సిందే. కాగితం అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

ఇవాళ పదింటికి హెడ్డుగారి గదికి వెళ్తున్నాను. పెద్దాయన వస్తారో రారో తెలియదు. నీకు ఈ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఈ ఒక్కసారికి నన్ను వెనకేసుకు రాకమ్మా.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి