చెప్పకుండా ఆపేసిన రేడియో

మంగళవారం రాత్రి, బందరు

నా ఇంటర్నెట్ రేడియోలో వేసే సినిమా పాటలకు హక్కుల ఫీజు కట్టాలని, లేకపోతే నెలాఖరుకల్లా ఆపేయాలని ఆ పాటల హక్కులున్న ఆడియో కంపెనీ మెయిల్ పెట్టింది. మెకానిక్ షెడ్డులో నాకొచ్చే జీతం ఆ ఫీజుకు ఏ మూలకీ చాలదు. ఒళ్లు మండి నిన్న రాత్రే రేడియో ఆపేశాను. వినేవాళ్లకు ఒక్క మాటా చెప్పలేదు.

కృత్తివెన్నులో రొయ్యల చెరువుకు కాపలా ఉండే నాగరాజు బావ, నా రేడియోను కరెంటు స్పీకర్లో పెట్టుకుని పడుకుంటాడు. కరెంటు పోతే పాట ఆగి మెలకువ వస్తుంది, లేచి జనరేటర్ వేస్తాడు. నిన్న పాట ఆగగానే లేచాడట. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయని చూసి మళ్లీ పడుకున్నాడు. తెల్లవారుజామున కరెంటు నిజంగానే పోయింది. లేపడానికి పాట లేదు. గాలందక రొయ్యలన్నీ చచ్చి తేలాయి.

సాయంత్రం షెడ్డుకొచ్చాడు.

"నిద్రంటే అంత ఇష్టమైతే ఇంట్లోనే పడుకోమన్నాడ్రా ఓనరు. పని పోయింది. ఇంతకీ నీ రేడియోకేమైంది?"

"కంపెనీవోళ్లు ఆపించేశారు బావా."

"చెప్పాపెట్టకుండానా? ఆళ్లు మనుషులేనా?"

గడువు ఇంకా ఉందన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, బావకంటే గట్టిగా నేనే కంపెనీని తిట్టాను. పాపం, నన్ను ఓదార్చి టీ తాగించాడు.