లావణ్య వేలు జారింది

కోదాడ, బుధవారం రాత్రి

సూర్యాపేటలో మా జాజ్, బ్లూస్ సంగీతం వేసవి క్లాసు. ఈరోజు కీబోర్డు మీద నేను ఒక్క స్వరం తప్పకుండా బ్లూస్ వాయించాను. సార్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. తర్వాత పక్కింటి లావణ్య కూర్చుంది. మధ్యలో దాని వేలు పక్క కీ మీదికి జారి, గబుక్కున వెనక్కొచ్చింది. సార్ లేచి నిలబడ్డారు.

"సూడుండ్రి, బ్లూస్ అంటే గిట్లుండాలె, స్వరం గిట్ల జారాలె!"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అది నా చెవిలో కిసుక్కున నవ్వింది. "వేలు జారిందే. జర సార్‌కు చెప్పకు."

చెప్పను. చెప్తే కుళ్లుకుంటున్నానంటారు. కుళ్లుకుంటున్నాను కూడా.

ఇంటికొచ్చి అదే చోట వేలు జార్చుదామని ఎంతో చూశాను. జారదే! ఇన్నేళ్ల సాధన, పాడు వేలు సరిగ్గానే పడుతుంది.

వంటింట్లోంచి అమ్మ మురిసిపోయింది. "ఎంత మంచిగ వాయిస్తున్నవ్ బిడ్డా! ఒక్క తప్పు గూడ లేదు."