పక్కింటి మనిషి

భవానీపురం,
విజయవాడ.

బావకి,

ఉష రాస్తున్నాను. ఇక్కడ మేం ముగ్గురం ఉన్నంతలో బాగానే ఉన్నాం. వేరావల్‌లో నువ్వు కులాసాగా ఉన్నావనీ, బోటు ఈసారి తొందరగా ఒడ్డుకి వస్తుందనీ అనుకుంటున్నాను. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అత్త నా పక్కనే కూర్చుంటోంది. తన ముందు చెప్పలేని సంగతి ఉండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

అత్త కాళ్ళ వాపు తగ్గిందా అని అడిగావు. డయాలసిస్ అయిన రోజు తగ్గుతుంది, మర్నాటికి మళ్ళీ వస్తుంది. మన శ్రీదుర్గ బాగా చదువుకుంటోంది, నువ్వు పంపిన బ్యాగు దానికి నచ్చింది. ఇల్లు దొరికిందా అని కూడా అడిగావు. దానికి జవాబు రాయడమే కష్టంగా ఉంది.

ఈ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారట. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. కింది వాటావాళ్ళు వెళ్ళిపోయారు, వాళ్ళ తలుపులూ కిటికీలూ అప్పుడే ఊడదీశారు. పని అవగానే నేనూ, మా టైలరింగ్ షాపు హన్నా కలిసి టులెట్ బోర్డులు వెతుక్కుంటూ తిరుగుతున్నాం. పటమటలో ఒక్క గదికి అడిగిన అద్దె నా జీతం కంటే ఎక్కువ. గన్నవరం వైపు చౌకన్నారు. వెళ్ళి చూస్తే అక్కడా పెరిగిపోయాయి. పైగా అంత దూరం నుంచి అత్తని ఆసుపత్రికి ఎలా తీసుకురాను? మనకి అందే అద్దె ఉన్నచోట అందరిదీ ఒకటే ప్రశ్న, ఇంట్లో జబ్బు మనుషులున్నారా అని. ఉన్నారంటే, అప్పుడే ఎవరికో ఇచ్చేశామంటున్నారు. తమ ఇంట్లో చావు జరుగుతుందేమోనని వాళ్ళ భయం.

పోయిన ఆదివారం మన పక్క వీధిలోనే మేడమీద పోర్షన్ ఒకటి ఉందంటే వెళ్ళాను. చిన్నదే గాని గాలి బాగా వస్తుంది, అద్దె మనం ఇచ్చుకోగలిగిందే. తనూ చూస్తానంటే అత్తని ఆటోలో తీసుకెళ్ళాను. ఆ రోజు వాపు ఎక్కువై మెట్లెక్కలేక కింద అరుగు మీద కూర్చుంది. నేను చూసి దిగొచ్చాక, ఇల్లుగలావిడ సుధామణి గారు అక్కడే నిలబడి అడిగారు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"నేనూ మా పాపేనండి. మా ఆయన గుజరాత్‌లో చేపల బోటు మీద పనిచేస్తారు."

"మరి మీ అత్తగారూ మామగారూ?"

బావా, ఈ మాట రాయలేకే ఇంతసేపూ వేరే కబుర్లు రాశాను. "ఇద్దరూ పోయారండి" అన్నాను.

మామయ్య సంగతి నిజమే. అత్త మాత్రం నాకు బారెడు దూరంలో కూర్చునుంది. తలెత్తి నా వంక చూసింది.

"మరి ఈవిడెవరు?" అన్నారు సుధామణి గారు.

నాకంటే ముందు అత్తే చెప్పింది. "పక్కింటిదాన్నమ్మా. పిల్ల ఒక్కతీ వస్తుంటే తోడొచ్చాను."

పుట్టగానే నన్ను ఎత్తుకున్న మేనత్త, బావా.

ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "ఏం పర్లేదే. నన్ను నాగాయలంకలో మా చెల్లెలింట్లో దింపేసి, నువ్వూ పాపా ఇందులో చేరిపోండి" అంది.

"అక్కణ్ణించి డయాలసిస్‌కి ఎలా వస్తావు?" అన్నాను. రోడ్డు వంక తిరిగింది. ఇక డయాలసిస్ మానేద్దామనుకుంటోందని నాకర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి సుధామణి గారికి నిజం చెప్పేశాను. ఆవిడ "చెప్పి మంచిపని చేశావమ్మా. కానీ మావారు ఒప్పుకోరు" అన్నారు. బతిమాలాను. కాళ్ళు పట్టుకోబోయాను. తలుపేసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే అత్త ఏడుస్తూ తిట్టింది. "నేను సర్దుకున్నాగా! ఎందుకే పోయి చెప్పావు?" అని రాత్రి అన్నం కూడా తినలేదు. చెప్పి తప్పు చేశానేమో. చెప్పకపోతే నీ మొహం ఎలా చూసేదాన్ని?

నిన్న నీళ్ళ మోటారు విప్పుకుపోయారు. నెలాఖరుదాకా ఆగేలా లేరు. బోటు ఓనరు కాళ్ళావేళ్ళా పడైనా సరే, రా బావా. నా ఒక్కదానివల్లా కావటం లేదు. ఈ అడ్రసుకి మాత్రం ఉత్తరం రాయకు. నీ జవాబు వచ్చేసరికి ఈ ఇల్లు ఉండదు. కవరు మీద మా టైలరింగ్ షాపు అడ్రసు ఉంది, దానికే రాయి.

ఇట్లు,
మీ అమ్మ మేనకోడలు,
ఉష