నూనె పోసిన బుష్‌లు

తమ్ముడు ఏలియాకు,

నా సాక్ష్యం విని నీ లారీ బుష్‌ల మీద కూడా ప్రార్థన నూనె పోశావట కదా!

నిరుడు నా బండి వెనక కిర్రుకిర్రుమంటుంటే, కమాన్లకూ డిఫరెన్షియల్‌కూ ఉండి ఇరుసును కదలకుండా పట్టే రబ్బరు బుష్‌లకు నూనె పట్టించాను. చప్పుడు ఆగింది. మంథని ప్రార్థన కూటంలో మైకు పట్టుకుని, దేవుడే బాగుచేశాడని గర్జించాను. నిన్న చొప్పదండిలో బండ్ల మేస్త్రీ జియావుల్లా ఒక బుష్ ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. వేలితో నొక్కితే జిగటగా చితికిపోయింది.

"నూనె తాగితే రబ్బరు కుళ్లుతది పాస్టర్‌సాబ్! దెబ్బ మానలే, ఏడ్చే నోరు మూసినవ్, గంతే" అన్నాడు.

పైకి తెల్లగా, లోపల కుళ్లుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించి ఊరూరా వాక్యం చెప్పినవాణ్ని నేనే. ఆదివారం మళ్లీ అదే సాక్ష్యం చెప్పాలట, కరపత్రాలు కూడా పంచేశారు. చెబితే అబద్ధికుణ్ని, మానితే అవిశ్వాసిని. ఎటు తిరిగినా గోడే.

నా సంగతి దేవుడు చూస్తాడు. నువ్వు లోడుతో బ్రేకు తొక్కిననాడు వెనక ఇరుసు పక్కకు జరిగితే బండి బోల్తానే. ఫోన్‌లో ఈ మాటే చెబితే "ఏందన్నా, నీకే విశ్వాసం సన్నబడ్డదా?" అని నవ్వి పెట్టేశావు. అవి నా మాటలే, నేను నేర్పినవే. అందుకే ఈ ఉత్తరమూ కొత్త బుష్‌లూ ఇచ్చి జియావుల్లానే కాగజ్‌నగర్‌కు నీ దగ్గరికి పంపుతున్నాను. ఈ ఉత్తరం పట్టుకున్న చేత్తోనే, ఇవాళే, బండి తాళంచెవి అతనికియ్యి.